వీపున మోసే గాలి

బుజ్జీ, మొన్న గ్యాస్ అబ్బాయి బండ భుజానేసుకుని మెట్లెక్కుతుంటే అడిగావు కదా, "గాలికి అంత బరువేంటి తాతయ్యా?" అని. ఆ బండలో ఉండేది ఒత్తిడికి ద్రవమైన గ్యాసు, అదే 14.2 కిలోలు. అయితే అచ్చంగా గాలినే మూటగట్టి కొండెక్కించేవాళ్లూ ఉన్నారు. ఇలా కూచో, చెబుతాను.

హరి బుధా మగర్ అని నేపాల్‌లో పుట్టినాయన. బ్రిటిష్ సైన్యంలో గూర్ఖా సిపాయి. 2010లో అఫ్గానిస్థాన్‌లో బాంబు పేలి రెండు కాళ్లూ మోకాళ్ల పైదాకా పోయాయి. అయినా ఎవరెస్టు ఎక్కుతానన్నాడు, మాజీ సైనికుల్ని ఆదుకునే సంస్థలకు విరాళాలు పోగుచెయ్యడానికి. రెండు కాళ్లూ లేనివాళ్లు ఎక్కకూడదని నేపాల్ ప్రభుత్వం 2017 చివర్లో నిబంధన పెట్టింది. మరుసటేడు అక్కడి సుప్రీంకోర్టు దానికి అడ్డుపడింది. చివరికి 2023 మే 19న, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో శిఖరం చేరాడు.

మధ్యాహ్నం మూడు! మామూలుగా తెల్లవారుజామునో, పొద్దెక్కేలోపో చేరి దిగిపోతారక్కడ. నా మనసంతా ఆ ఆలస్యం మీదే. ఎందుకంటావా? ఆ కొండమీద ప్రతి గంటకీ బరువుంటుంది తల్లీ.

పైన గాలి పలచన, కాబట్టి ఆక్సిజన్ వెంట మోసుకెళ్లాలి. లెక్క చూడు. నాలుగు లీటర్లు పట్టే చిన్న సిలిండర్లో 300 రెట్ల ఒత్తిడితో ఆక్సిజన్ కుక్కితే, బయటి లెక్కన 1200 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పీలిస్తే పది గంటలొస్తుంది, నాలుగైతే ఐదే. మోకాలు లేని మనిషి ప్రతి అడుగూ నడుముతోనూ చేతులతోనూ లాగాలి, కాబట్టి శ్రమెక్కువ, సమయమూ ఎక్కువ. అంటే ఇంకో సిలిండరు. అది మోసుకొచ్చే అక్కడి సహాయకుడు షెర్పాకీ తిండి కావాలి, నీళ్లు కావాలి, పైన అతనికీ ఆక్సిజన్ కావాలి. ఒక మూటని మొయ్యడానికి ఇంకో మూట!

5,364 మీటర్ల దగ్గరున్న బేస్ క్యాంపు దాకా జడల బర్రెలు మోస్తాయి. ఆపైన ఖుంబూ మంచు జలపాతం, పగుళ్ల మీద నిచ్చెనలు. అక్కణ్ణించి చాలామటుకు మనుషుల వీపుమీదే.

నీళ్ల సంగతి మరీ చిత్రం. చుట్టూ మంచే, తాగడానికి చుక్క ఉండదు. నాయనమ్మ ఫ్రిజ్‌లోంచి తీసిన ఐసుగడ్డని గిన్నెలో వేసి చూడు, ఎంతోసేపటికి గానీ కరగదు. సున్నా డిగ్రీల గ్రాము మంచు ఊరికే నీరవడానికి 80 కేలరీలు కావాలి. అంతే వేడితో ఆ నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకి కాచొచ్చు. దాదాపు 7,900 మీటర్ల ఎత్తున, చివరి క్యాంపులో, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 80 కూడా చేరకముందే మరుగుతాయి. అంటే అక్కడ టీ కాచడం కన్నా మంచు కరిగించడానికే గ్యాసెక్కువ పడుతుంది. ఆ గ్యాసూ ఎవరో ఒకరు మోసుకొచ్చిందే.

అవునూ, గాలి బరువెంతో చెప్పనేలేదు కదూ! ఆ 1200 లీటర్ల ఆక్సిజన్ ఒకటిన్నర కిలో పైమాటే. పీల్చేశాక అది తగ్గుతుంది. డొల్ల మిగులుతుంది, దాన్ని కొండమీద వదిలెయ్యకూడదు. మళ్లీ ఆ షెర్పానే వీపున కట్టుకుని, అవే నిచ్చెనలు దాటి కిందికి తెస్తాడు.