ఇంట ఓడి... రచ్చ గెలిచాడు!

కాలేజీ రోజుల్లో అమెరికా అంతటా అతని పేరే. తీరా కలలుగన్న ఎన్‌బీఏలోకి వెళ్లాక బెంచీయే దిక్కయింది. ఐదేళ్లలో ఐదు జట్లు మారాడు. ఇక ఆట ముగిసినట్టేనని అందరూ అనుకున్న వేళ చైనా పిలిచింది. అక్కడ మాత్రం అతణ్ని ఏకంగా ‘దేవుణ్ని’ చేసేశారు. జిమ్మర్ ఫ్రెడెట్ ప్రయాణమిది.

2018 నవంబరు. చైనా బాస్కెట్‌బాల్ లీగ్‌లో బీజింగ్‌కు చెందిన ఓ జట్టుతో షాంఘై షార్క్స్ ఆడుతోంది. షార్క్స్ తరఫున ఆడుతున్న ఓ అమెరికన్ చేతిలోంచి బంతి వెళ్లడం, బుట్టలో పడటం... ఆ రాత్రంతా ఇదే వరస. ఒక్కడే 75 పాయింట్లు చేశాడు. అయినా షాంఘై 136-137తో ఓడిపోయింది. ఒకే ఒక్క పాయింటు తేడా! జట్టు ఓడినా మర్నాడు అందరూ చెప్పుకొన్నది అతని గురించే.

అంతకు మూడేళ్ల ముందు, అమెరికాలో అతణ్ని ఏ జట్టూ పట్టుమని నెల రోజులు కూడా అట్టిపెట్టుకోని రోజులున్నాయి.

జైలే మైదానం

న్యూయార్క్ రాష్ట్రంలో గ్లెన్స్ ఫాల్స్ అనే చిన్న పట్టణం. 1989లో అక్కడే పుట్టాడు జేమ్స్ టాఫ్ట్ ఫ్రెడెట్. ‘జిమ్మర్’ అన్నది అమ్మ పెట్టిన ముద్దుపేరు. అదే స్థిరపడిపోయింది. అతని తొలి గురువు అన్నయ్య టీజే. తమ్ముడి చేతిలో ఏదో ఉందని అందరికంటే ముందు గుర్తించిందీ, ఆ చేతిని సానబెట్టిందీ అతనే.

ఆ సానబెట్టడం కూడా మామూలుగా కాదు. తమ్ముణ్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో ఆడించేవాడు టీజే! చుట్టూ కండలు తిరిగిన మనుషులు, కేకలు, ఈలలు. తోసేసినా, కవ్వించినా బంతి మీంచి మనసు మళ్లకూడదు. అక్కడ తడబడకుండా ఆడగలిగితే ఇక ఏ స్టేడియమూ భయపెట్టదన్నది అన్న లెక్క. ఆ లెక్క తప్పలేదు.

2007 జనవరి 27న ఆ అన్నదమ్ములు ఓ కాగితం రాసుకున్నారు. ఎన్‌బీఏలో ఆడాలన్న లక్ష్యం కోసం ఎంత శ్రమయినా చేస్తాను, ఏ త్యాగానికైనా సిద్ధపడతాను... అన్నది దాని సారాంశం. జిమ్మర్ సంతకం చేశాడు. టీజే సాక్షి సంతకం పెట్టాడు. ఆ కాగితం జిమ్మర్ పడకగది గోడకెక్కింది.

కాలేజీలో సునామీ

బాస్కెట్‌బాల్ జట్టులో ఐదుగురు ఆడతారు. పొడగరులు బుట్ట దగ్గర కాపు కాస్తే, బంతిని ముందుకు నడిపించే పని గార్డ్‌లది. ఎవరికి అందించాలి, ఎప్పుడు గురిపెట్టాలి అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి. 6 అడుగుల 2 అంగుళాల జిమ్మర్‌ది ఆ స్థానమే. మామూలు జనంలో పొడగరే కానీ, ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క.

యూటా రాష్ట్రం ప్రోవో నగరంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాది అతని సగటు 7 పాయింట్లే. నాలుగో ఏడాదికి అది 28.9కి చేరింది. 2010-11లో అమెరికా ప్రధాన కాలేజీ జట్లన్నింటిలోకీ అదే అత్యధికం. గీతకు చాలా దూరంలో, ప్రత్యర్థి ఇంకా మేలుకోకముందే షాట్ వేసేయడం అతని ప్రత్యేకత. శాన్ డియాగో స్టేట్ మీద 43, న్యూ మెక్సికో మీద 52 పాయింట్లు కొట్టేసరికి దేశమంతా ఊగిపోయింది. అతని చేతిలో ఓడినవాళ్లను ‘జిమ్మరయ్యారు’ అనడం మొదలుపెట్టారు. పేరు కాస్తా క్రియాపదమైపోయింది! ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డులన్నీ అతనికే దక్కాయి.

కల నిజమైంది... కానీ!

2011 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో అతనిది పదో స్థానం. మిల్వాకీ ఎంచుకుని, ఆ రాత్రే శాక్రమెంటో కింగ్స్‌కు బదలాయించింది. గోడ మీది కాగితంలో రాసుకున్న మాట నిజమైంది. కష్టాలు కూడా అక్కడే మొదలయ్యాయి.

యజమానులకూ, ఆటగాళ్ల సంఘానికీ మధ్య వివాదంతో ఆ ఏడాది సీజన్ క్రిస్మస్ దాకా మొదలే కాలేదు. కొత్తవాళ్లకు సరైన శిక్షణే కరవైంది. శాక్రమెంటోలో మూడేళ్లలో ముగ్గురు కోచ్‌లు మారారు. విచిత్రమేమిటంటే, అదే డ్రాఫ్ట్‌లో అందరికంటే చివర, 60వ స్థానంలో వచ్చిన ఇసయా థామస్ అదే జట్టులో, అదే గార్డ్ స్థానంలో జిమ్మర్‌ను దాటేశాడు. థామస్ ఎత్తు అతనికన్నా తక్కువే!

మరి లోపమెక్కడ? దూరం నుంచి గురి తప్పిందా అంటే, లేదు. కాలేజీలో బంతి ఎప్పుడూ జిమ్మర్ చేతిలోనే ఉండేది. జట్టంతా అతని చుట్టూ తిరిగేది. ఎన్‌బీఏలో ఆ స్వేచ్ఛ ఏ కొద్దిమందికో ఉంటుంది. మిగతావాళ్లు దొరికిన పది నిమిషాల్లోనే సత్తా చూపాలి. పైగా తనకన్నా వేగంగా, బలంగా ఉండే గార్డ్‌లను అడ్డుకోవాలి. అతను తేలిపోయింది అక్కడే. రంజీల్లో పరుగుల వరద పారించి, భారత జట్టులోకి వచ్చాక డ్రింక్స్ మోయడానికే పరిమితమైన బ్యాట్స్‌మన్ పరిస్థితి ఎలా ఉంటుందో మన క్రికెట్ అభిమానులకు చెప్పక్కర్లేదు.

2014లో శాక్రమెంటో వదిలేసింది. అక్కణ్నుంచి షికాగో, న్యూ ఆర్లీన్స్, శాన్ ఆంటోనియో. ఆఖరికి కింది స్థాయి డెవలప్‌మెంట్ లీగ్‌లోనూ ఆడాడు. 2016లో న్యూయార్క్ నిక్స్ పిలిచింది పది రోజుల ఒప్పందం మీద. అవును, పది రోజులే!

ఏకాకి దేవుడు

అదే ఏడాది షాంఘై షార్క్స్ నుంచి కబురొచ్చింది. చైనా బాస్కెట్‌బాల్ దిగ్గజం యావో మింగ్ చిన్నప్పుడు ఆడిన జట్టది. అప్పటికి దాని యజమానీ ఆయనే. భాష రాదు, తిండి వేరు, మనుషులు కొత్త. ఎన్‌బీఏలో చోటు దొరకనివాళ్లే అక్కడికెళ్తారన్న చిన్నచూపు ఒకటి. అయినా జిమ్మర్ విమానమెక్కాడు.

చైనా లీగ్‌లో జట్టుకు విదేశీ ఆటగాళ్లు కొద్దిమందే ఉంటారు. పాయింట్ల భారమంతా వాళ్ల మీదే. అంటే బంతి మళ్లీ అతని చేతికి వచ్చింది! మొదటి సీజన్లోనే సగటున 37.6 పాయింట్లు. 2017 ఫిబ్రవరిలో జెజియాంగ్ జట్టు మీద 73 పాయింట్లు చేశాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ విదేశీ ఆటగాడు అతనే. 361 డిగ్రీస్ అనే చైనా కంపెనీ అతని పేరిట బూట్లు తెచ్చింది.

అభిమానులు పెట్టిన పేరు మరీ ముచ్చటైనది: జిమో దాషెన్. ‘జిమో’ అంటే చైనా భాషలో ఒంటరితనం. జిమ్మర్ అన్న పేరుకు దగ్గరగా ధ్వనిస్తుంది. ‘దాషెన్’ అంటే మహా దేవుడు. మొత్తంగా ‘ఏకాకి దేవుడు’. సాటి వచ్చేవాడు లేక ఒంటరిగా మిగిలినవాడన్నది అందులోని మెచ్చుకోలు. విచిత్రంగా, అతను 73 కొట్టిన మ్యాచ్‌లోనూ, 75 కొట్టిన మ్యాచ్‌లోనూ షాంఘై ఓడిపోయింది. ఆ పేరులోని ఒంటరితనం ఊరికే అన్నది కాదు.

మళ్లీ తలుపు తట్టి...

అంత పేరొచ్చినా ఎన్‌బీఏ మీద ఆశ చావలేదు. 2019 మార్చిలో ఫీనిక్స్ సన్స్ అవకాశమిచ్చింది. తాను చదువుకున్న యూటా రాష్ట్రంలోనే తొలి మ్యాచ్. అతను బరిలోకి దిగగానే, ఎదుటి జట్టు ఆటగాడన్న మాట మరచిపోయి స్టేడియమంతా హోరెత్తింది. కానీ బంతి మాట వినలేదు. ఆరు మ్యాచ్‌లతో ఆ ముచ్చట ముగిసింది. తర్వాత గ్రీస్‌లో పనతినైకోస్‌కు ఆడి, 2020లో తిరిగి షాంఘై చేరాడు.

ముప్ఫై దాటాక ఇంకో మలుపు. జట్టుకు ముగ్గురే, ఒకటే బుట్ట ఉండే ‘3×3’ ఆటలోకి మారాడు. అమెరికాకు 2023 ప్రపంచకప్‌లో రజతం, పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. 2024లో, 35 ఏళ్ల వయసులో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అక్కడా పరీక్షే! రెండో మ్యాచ్‌లో గాయపడి తప్పుకొన్నాడు. మార్చడానికి మనిషి లేక మిగతా ముగ్గురూ అన్ని మ్యాచ్‌లూ ఆడాల్సి వచ్చింది. పతకం దక్కలేదు. 2025 ఏప్రిల్లో జిమ్మర్ ఆటకు వీడ్కోలు చెప్పాడు.

ఎన్‌బీఏ లెక్కల్లో చూస్తే మ్యాచ్‌కు సగటున ఆరు పాయింట్లు చేసిన మామూలు ఆటగాడతను. షాంఘై అభిమానులనడిగితే దేవుడంటారు. చెయ్యి అదే, గురి అదే. మారిందల్లా ఆ చేతికి బంతినిచ్చే చోటే. అప్పట్లో ఆ అన్నదమ్ములు రాసుకున్న కాగితంలో ఎన్‌బీఏ పేరుంది కానీ, షాంఘై ఊసే లేదు. అయితే అందులో మరో మాట కూడా ఉంది... ఎంత శ్రమయినా చేస్తానని. గొప్ప ఎన్‌బీఏ ఆటగాడు కాలేకపోయినా, ఆ మాట మాత్రం జిమ్మర్ పద్దెనిమిదేళ్లపాటు నిలబెట్టుకున్నాడు.