ఇల్లు కుంగుతోందా? మరమ్మతుకు డబ్బు పెట్టే ముందు ఇవి చూసుకోండి

వేసవిలో గోడకు బీట పడుతుంది. మేస్త్రీ వచ్చి పుట్టీ పెట్టి, రంగు వేసి వెళ్తాడు. వానలు తగ్గేసరికి అదే చోట మళ్లీ గీత. గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా నల్లరేగడి నేల ఉన్న ఊళ్లలో ఇది మామూలే. ఆ నేల నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. లోతు తక్కువ పునాది దాంతో పాటే లేస్తుంది, దిగుతుంది.

ప్రతి బీటా పునాది వల్లేనా?

కాదు. ప్లాస్టరింగ్ మీద కనిపించే వెంట్రుకవాసి గీతలు చాలావరకు సిమెంటు ఆరేటప్పుడు వచ్చేవే. అనుమానించాల్సింది కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పోయే బీటను. ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉంటే అనుమానం బలపడుతుంది. తలుపులు పట్టేయడం, గచ్చు ఒక వైపు వాలడం కూడా అలాంటి గుర్తులే.

బీట రెండు చివరలా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. నెలకోసారి అదే చోట మళ్లీ తీస్తే కదులుతోందో, ఆగిపోయిందో తేలుతుంది. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినా, వారాల్లోనే పెరుగుతున్నా, పిల్లర్ మీదో బీమ్ మీదో పడినా మాత్రం ఎదురుచూడొద్దు. వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి.

ముందు నీళ్ల సంగతి తేల్చండి

సంప్ లీకేజీ, పగిలిన డ్రైనేజీ పైపు, గోడ మొదట్లోనే పడే డాబా నీళ్లు, పునాదిని ఆనుకుని తవ్విన ఇంకుడు గుంత... వీటిని వదిలేసి పునాదికి ఎంత ఖర్చు పెట్టినా వృథాయే. సంప్ నింపి, మోటారు, నల్లా రెండూ కట్టేసి రాత్రి నీటి మట్టం గుర్తు పెట్టండి. తెల్లారేసరికి తగ్గితే దొంగ దొరికినట్టే. లీకేజీ వీధి పైపుది అయితే హైదరాబాద్‌లో జలమండలి 155313 నంబరుకు, మిగతా చోట్ల మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికి ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు నంబరు దాచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంటి పక్కన పెద్ద చెట్టుంటే బీటలకు భయపడి నరికేయకండి. అన్నాళ్లూ అది పీల్చిన తేమ నేలలోనే ఉండిపోయి, నల్లరేగడి ఉబ్బడం మొదలుపెడుతుంది.

అండర్‌పిన్నింగ్ అంటే?

పాత పునాది కింద తవ్వి, గట్టి నేల తగిలేదాకా కొత్త కాంక్రీటు వేయడం. గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు. మీటరు, మీటరున్నర ముక్కలుగా, పక్కపక్కవి కాకుండా ఒకటి విడిచి ఒకటి చేయాలి. ఒకటి గట్టిపడ్డాకే దాని పక్కది ముట్టుకోవాలి. ‘మొత్తం తవ్వేసి రెండు రోజుల్లో ముగిస్తాం’ అనే కాంట్రాక్టర్‌ను అక్కడి నుంచే సాగనంపండి. సిమెంటు గ్రౌటింగ్ మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇసుక నేలలో చొచ్చుకుపోయినట్టు అది బంకమట్టిలోకి పోదు. మట్టి పరీక్ష అడగకుండానే రేటు చెప్పేవాళ్లను నమ్మొద్దు.

ఖర్చు ఎవరు భరించాలి?

రెరాలో నమోదైన ప్రాజెక్టులో కొన్న ఇల్లయితే, స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని బిల్డర్ తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలి. రెరా చట్టం సెక్షన్ 14(3) చెప్పేది ఇదే. లోపాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయండి, ఫోన్లో చెబితే సాక్ష్యం ఉండదు. చేయకపోతే మీ రాష్ట్ర రెరాకు వెళ్లొచ్చు. సొంతంగా మేస్త్రీతో కట్టించుకున్న ఇంటికి ఈ రక్షణ లేదు.

పక్క స్థలంలో సెల్లార్ తవ్వుతుంటే అసలు తేడా రాకముందే మీ గోడలన్నీ తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి. కొత్త బీట కనిపిస్తే టౌన్‌ప్లానింగ్ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్కన గుంత తవ్వాక ఓ బహుళ అంతస్తుల భవనం ఒరిగిపోయింది. చివరికి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది.

ఇక బీమా. ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో ఇల్లున్న నేల కుంగిపోవడం కవర్ అవుతుంది. కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు బీటలు, నాసిరకం పని, పక్కన తవ్వకాల వల్ల జరిగిన నష్టం మాత్రం మినహాయింపుల్లో ఉన్నాయి. క్లెయిమ్ వేసే ముందు ఇంజినీర్ నివేదికలో కారణం ఏమని రాశారో చూసుకోండి.