చేతిలో సినిమా తెర

2019వ సంవత్సరము చివరలో రాజోలు ప్రాంతపు కొబ్బరి రైతు ఒకరు అమలాపురంలోని మా ఇంటికి వచ్చారు. వెంట డిగ్రీ మొదటి సంవత్సరము చదువుతున్న కుమారుడు ఉన్నాడు. కువైట్‌లో పనిచేసే మేనమామ ఒక ఖరీదైన స్మార్ట్‌ఫోను తెస్తానన్నాడట. డబ్బు మాత్రము వీరే పంపాలి.

"మాష్టారూ, రెండు దింపుల డబ్బు దీనికే పోతుంది. పాఠాలన్నీ వీడియోల్లో చూసుకోవాలి, తెర పెద్దది కావాలి అంటున్నాడు మావాడు. ఇది సినిమా తెరట, ఆరున్నర అంగుళాలట. నిజంగా పెద్దదేనంటారా?" అని అడిగారాయన.

ఈ ప్రశ్నకు జవాబు కోసము దుకాణదారుని ఆశ్రయించనక్కరలేదు. పదవ తరగతిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతము, ఒక స్కేలు, రెండు కాగితాలు ఉంటే చాలును. ఆనాడు మేము ముగ్గురమూ కూర్చుని వేసిన లెక్కనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

అంగుళము దేనిని కొలుస్తుంది?

తెర కొలత చెప్పేటప్పుడు పొడవునుగాని వెడల్పునుగాని చెప్పరు. ఒక మూల నుండి ఎదుటి మూలకు గల దూరమును, అనగా కర్ణమును చెబుతారు. ఒక పొలము ఈ మూల నుండి ఆ మూలకు ఇన్ని గజాలని చెప్పినంత మాత్రాన అది ఎన్ని సెంట్లో తెలియదు గదా! చదరముగా ఉన్న చేనుకు ఒక విస్తీర్ణము వస్తుంది, కాలువ గట్టు వెంట సన్నగా సాగిన చేనుకు మరొకటి వస్తుంది. తెరల సంగతీ ఇంతే. కర్ణము మారకుండా ఆకారము సన్నబడుతూ పోతే వైశాల్యము తగ్గుతూ పోతుంది.

2017కు ముందు ఫోను తెరలు చాలావరకు 16:9 నిష్పత్తిలో ఉండేవి. అనగా పొడవు 16 పాళ్ళయితే వెడల్పు 9 పాళ్ళు. ఆ ఏడు వచ్చిన ఎల్‌జీ జీ6 ఫోనుతో 18:9 తెర వచ్చింది. 2019లో సోనీ కంపెనీ ఎక్స్‌పీరియా 1 అనే ఫోనులో 21:9 తెరను అమర్చింది. మేనమామ తెస్తానన్నది దీనినే.

ఆరున్నర అంగుళాలంటే 16.5 సెంటీమీటర్లు. లెక్క కడితే ఈ 21:9 తెర పొడవు 15.2, వెడల్పు 6.5 సెంటీమీటర్లు. వైశాల్యము సుమారు 99 చదరపు సెంటీమీటర్లు. అదే కర్ణము గల 16:9 తెర పొడవు 14.4, వెడల్పు 8.1 సెంటీమీటర్లు. దాని వైశాల్యము 116 చదరపు సెంటీమీటర్లు. రెండూ ఆరున్నర అంగుళాలే అయినా, పొడుగు తెర నూటికి 15 వంతులు చిన్నది.

అయితే ఈ పోలికతోనే తీర్పు చెప్పడము న్యాయము కాదు. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు గల తెరను ఒక చేతితో పట్టుకోవడము కష్టము. పిడికిలిలో ఇమిడే వెడల్పును దాటకుండా తెరను పెంచాలంటే పొడవును పెంచడమొకటే దారి. కాబట్టి సమానమైన వెడల్పు గల తెరలనే పోల్చి చూద్దాము. 6.5 సెంటీమీటర్ల వెడల్పు గల 16:9 తెర పొడవు 11.6 సెంటీమీటర్లు, కర్ణము 5.2 అంగుళాలు. అంటే మన పొడుగు ఫోను 5.2 అంగుళాల పాత ఫోనుకు 3.6 సెంటీమీటర్ల తెరను అతికించిన దానితో సమానము. ఆ అతుకు మనకు ఎప్పుడు ఉపయోగపడుతుందన్నదే అసలు ప్రశ్న.

ఈ ఆకారము ఎక్కడిది?

మాటలు వచ్చిన తొలి దశాబ్దాలలో సినిమా బొమ్మ వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు మాత్రమే ఉండేది. 1950 ప్రాంతములో అమెరికాలో టెలివిజన్ ఇంటింటికీ చేరి ప్రేక్షకులను లాగుకొనిపోగా, సినిమావారు వెడల్పాటి తెరను ఆశ్రయించారు. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెతియన్ 1920లలో రూపొందించిన కటకము ఇందుకు సాయపడింది. అది బొమ్మను అడ్డముగా నొక్కి మామూలు ఫిల్ముపై పట్టిస్తుంది. ప్రదర్శించేటప్పుడు మరొక కటకము దానిని తిరిగి సాగదీస్తుంది. ఇదే సినిమాస్కోపు. 1953లో 'ది రోబ్' ఈ పద్ధతిలో మొదటిదిగా వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రము 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. ఈ వెడల్పు కాలక్రమేణా ఎత్తుకు 2.39 రెట్ల దగ్గర స్థిరపడింది. 21ని 9తో భాగిస్తే 2.33 వస్తుంది. ఫోనుకు 'సినిమా తెర' అన్న పేరు రావడానికి ఈ దగ్గరితనమే కారణము.

ఏ బొమ్మకు ఎంత చోటు?

ఫోనును అడ్డముగా తిప్పి సినిమాస్కోపు చిత్రమును చూస్తే బొమ్మ 96 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. తెర దాదాపు నిండిపోతుంది. ఆరున్నర అంగుళాల 16:9 తెరపై అదే చిత్రము 87 మాత్రమే. ఇక్కడ పొడుగు తెరదే గెలుపు.

ఇక 1967లో బాపు మన గోదావరి ఒడ్డున పులిదిండిలో తీసిన 'సాక్షి'ని చూద్దామనుకోండి. అలనాటి 1.37 నిష్పత్తి బొమ్మ పొడుగు తెరపై 58 చదరపు సెంటీమీటర్లే. రెండు ప్రక్కలా నల్లని పట్టీలు మిగిలిపోతాయి. 16:9 తెరపై అదే బొమ్మ 90 వస్తుంది.

మన విద్యార్థికి కావలసినవి పాఠాలు. పాఠాల వీడియోలు ఎక్కువగా 16:9 నిష్పత్తిలోనే తీస్తారు. పొడుగు తెరపై పాఠమునకు దక్కేది 75 చదరపు సెంటీమీటర్లు, అనగా తెరలో మూడు పాళ్ళు. బొమ్మను సాగదీసి తెర నింపితే నల్లబల్ల పైభాగము, క్రిందిభాగము కోసుకుపోతాయి. సమీకరణములో సగము పోయిన తరువాత మిగిలిన సగముతో ఏమి ప్రయోజనము? పాఠము వరకు ఇది 5.2 అంగుళాల ఫోనే.

నిలువుగా పట్టుకొని చదివేటప్పుడు మాత్రము ఆ అతుకు అక్కరకు వస్తుంది. పుటకు మరికొన్ని పంక్తులు ఎక్కువ కనబడతాయి.

చుక్కల లెక్క

ఈ ఫోను గొప్పగా చెప్పుకొనే రెండవ గుణము 4కె తెర. పొడవున 3840, వెడల్పున 1644 చుక్కలు, అనగా అంగుళానికి సుమారు 643. మంచి చూపు గల కన్ను ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణమును గుర్తిస్తుంది. 30 సెంటీమీటర్ల దూరములో అది అంగుళానికి 290 చుక్కలకు సమానము. అంతకు మించిన చుక్కలలో కొన్ని అక్షరాల అంచులను నునుపు చేయవచ్చునుగాని, మిగిలినవి కంటికి అందవు. డబ్బు మాత్రము అన్నింటికీ ఇవ్వవలసిందే.

పెద్ద తెరతో కళ్ళకు శ్రమ తగ్గుతుందన్న మాటకు వస్తే, శ్రమను నిర్ణయించేవి అక్షరము పరిమాణము, చూసే దూరము. అక్షరము చిన్నదైతే ఫోనును దగ్గరకు లాగుకుంటాము. దగ్గరి వస్తువుపై చూపు నిలపడానికి కంటిలోని కండరాలు బిగిసి ఉండాలి. కనుక పాఠము ఆక్రమించే వైశాల్యమే లెక్కలోకి వస్తుందిగాని, ప్రకటనలోని అంగుళాలు రావు.

కుర్రవాడు కాగితముపై మూడు బొమ్మల కొలతలూ గీసి కత్తిరించి, ఒకదానిపై ఒకటి పెట్టి చూశాడు. కొంతసేపటికి తానే, "నాన్నా, పాఠాలకైతే పది అంగుళాల మామూలు టాబ్లెట్ నయం" అన్నాడు. 16:10 నిష్పత్తి గల అటువంటి తెరపై పాఠమునకు 260 చదరపు సెంటీమీటర్లు, అనగా మూడున్నర రెట్లు దక్కుతుంది. ఒక దింపు డబ్బులోనే అది వచ్చింది. రెండవ దింపు డబ్బు ఫీజుకు మిగిలింది.

2024లో ఎక్స్‌పీరియా 1 ఆరవ తరము ఫోనులో సోనీ కంపెనీయే 21:9 ఆకారమునూ 4కె తెరనూ విడిచి, 19.5:9 తెరకు మారింది. అయినా నేడు 20:9 తెరలు సర్వసాధారణము కనుక ఈ లెక్క పాతబడలేదు. కొనబోయే ముందు తెర పొడవు, వెడల్పు విడివిడిగా కొలవండి. మీరు ఎక్కువగా చూసేది సినిమాయా, పాఠమా, అక్షరమా అని నిర్ణయించుకొని, దానికి దక్కే చోటును గుణించి చూడండి. రెండు నిమిషాల గుణకారముతో రెండు నెలల కష్టము మిగలవచ్చును.