పైకొచ్చిన చేపంతా ఆకలితోని రాలే

ఎండకాలం వచ్చిందంటే ఊర్లె పోరగాండ్ల చూపంతా చెరువు దిక్కే. చేతిల వెదురు కట్టె, జేబుల తంగూసు చుట్ట, డబ్బల ఎర్రలు. పొద్దంత కట్ట మీద కూసుంటరు. గాలం అడుగుకు దింపుతరు, పొద్దుమీకి రెండు జెల్లలు పట్టుకొని ఇంటికొస్తరు. అదే టైముల వాళ్ల కండ్ల ముంగటే బొచ్చెలు నీళ్ల మీద తోకలు కొట్టుకుంట తిరుగుతుంటయి. నేను గూడ చాన ఏండ్లు గిట్లనే చేసిన. తప్పు గాలంల లేదు తమ్మీ, దాన్ని ఎంత లోతుకు ఏస్తున్నమన్న కాడ ఉన్నది.

ముందుగాల చేప పైకి ఎందుకొస్తదో తెలుసుకోవాలె. మనలెక్క చేపకు గూడ ఆక్సిజన్ కావాలె. నీళ్లు ఎంత వేడెక్కితే అందుల ఆక్సిజన్ అంత తక్కువ కలుస్తది. 20 డిగ్రీల నీళ్లల్ల లీటరుకు 9 మిల్లీగ్రాముల దాక పడితే, 30 డిగ్రీలల్ల ఏడున్నర దగ్గర్నే ఆగుతది. పైనున్న నీళ్లు వేడి, కిందున్నయి సల్లగ. గాలి లేనప్పుడు ఈ రెండు కలువయి. అడుగుకు కుళ్లిన ఆకు, బురద ఉంటయి గద, అక్కడున్న ఆక్సిజన్‌ను అవి గుంజుకుంటయి. అందుకే ఎండకాలం లోతు చెరువుల చేప మీది పొరలనే తిరుగుతది.

రెండో ముచ్చట నోరు. బొచ్చె నోరు చూడున్రి, మీదికి తెరుచుకొని ఉంటది. అది పైన తేలే సన్న పురుగులను తినే చేప. రోహు నడిమిట్ల తింటది. మృగాల, బంగారు తీగ అడుగు బురదల ఎతుక్కుంటయి. అడుగున ఎర్ర పెట్టి బొచ్చె కోసం చూసుడంటే, మిద్దె మీదున్నోనికి బాయిల బువ్వ పెట్టినట్టే.

ఇగ సామాను. బెండుకు, గాలానికి నడుమ తంగూసు ఒక అడుగు నుంచి రెండడుగుల దాకనే ఉంచాలె. సీసం గుండు తీసేయున్రి. గాలికి దూరం పోతలేదంటే చిన్న గుండు బెండు కిందికే ఒత్తి పెట్టున్రి, గాలం దగ్గర వద్దు. అప్పుడు ఎర బరువు లేకుంట మెల్లగ దిగుతది. మనం ఇసిరిన మేత ఎట్ల దిగుతదో ఎర గూడ అట్లనే దిగాలె. ఒక్కటి రాయి లెక్క కిందికి పోతే చేప అనుమానపడ్తది. బెండు గూడ సన్నగుండాలె. పాత చెప్పు ముక్క అంత లావుంటే చేప గుంజంగనే బరువు తెలిసి ఇడిసిపెడ్తది.

ఎర కోసం మక్కపిండి, తవుడు, జెర్రంత పల్లి చెక్క పొడి కలిపి ముద్ద చెయ్యున్రి. శెనగ గింజంత ఉండ చాలు. మేతకు మురుమురాలు మంచిగ పనికొస్తయి, ఎందుకంటే అవి తేలుతయి. ఒక్కసారే దోసెడు పోయకున్రి. పిడికెడు తీసుకొని కొన్ని కొన్ని, అయిదు నిమిషాలకొకసారి ఇసురాలె. కడుపు నిండిన చేప గాలం దిక్కు చూడది.

జాగా ఎంచుకునేటప్పుడు గాలి చూడున్రి. గాలి ఏ దిక్కుకు కొడితే తేలేదంత ఆ ఒడ్డుకే చేరుతది, దాని ఎనుక చేప వస్తది. టైమంటే సాయంత్రం నాలుగు దాటినంక పొద్దుగూకే దాక మంచిది. కట్ట మీద నిలబడి నీడ నీళ్ల మీద పడనియ్యకున్రి, చేప మీదనే ఉంటది కాబట్టి జల్ది బెదురుతది. ఇంకొకటి, ఇక్కడ బెండు బుడుంగున మునగాలని లేదు. చాన సార్లు పక్కకు జారుతది. జారంగనే కట్టె లేపాలె.

ఇప్పుడు అసలు ముచ్చట. ఒక మే నెలల తెల్లారక ముందే చెరువుకు పోయిన. నీళ్ల నిండ చేపలే, నోర్లు తెరిచి గుటకలు మింగుతున్నయి. ఇయ్యాల మన పండుగే అనుకున్న. మూడు గంటలు కూసున్న, ఒక్కటి గూడ ముట్టలేదు. మత్స్య సొసైటీల ఒక ముసలాయన వచ్చి చూసి, “అది ఆకలి గాదు బిడ్డా, ఊపిరాడుతలేదు” అన్నడు. పాచి పగటి పూట ఆక్సిజన్ ఇస్తది, రాత్రి అదే తింటది. అందుకే తెల్లారే ముంగట నీళ్లల్ల ఆక్సిజన్ అన్నిటికన్న తక్కువ. తినే చేప ఒక్కసారి తోక కొట్టి మునుగుతది. ఊపిరాడని చేప పైననే ఉండి నోరు కొట్టుకుంటది, మనిషిని చూసినా పోదు. అట్ల కనిపిస్తే గాలం మూసి సొసైటోళ్లకు ఫోన్ చెయ్యున్రి. పొద్దెక్కేవరకు ఏదో ఒకటి చెయ్యకుంటే చెరువంత తెల్లగ తేలుతది. కొందరు అప్పుడే నాలుగైదు గాలాలు కట్టి ఇసిరి, చేప ఒంటికి గుచ్చి గుంజుతరు. అది వేట గాదు.

ఆ ముసలాయన ఇంకో మాట అడిగిండు: “గీ బొచ్చె ఈడికి ఎట్ల వచ్చిందనుకుంటున్నవ్?” నాకు తెల్వదు. బొచ్చె, రోహు, మృగాల నిలువ నీళ్లల్ల గుడ్లు పెట్టయి. వాటికి వరద పారే నది కావాలె. మన చెరువుల ఉన్న ప్రతి బొచ్చె ఎవరో తెచ్చి పోసిన పిల్లనే. సర్కారు పోసినా, సొసైటీ కొన్నా, ఏడాదంత కావలి కాసేది ముదిరాజులు, గంగపుత్రులు. మృగశిర నాడు ఊరంత చేప కొంటది, వాళ్ల ఏడాది ఆశ ఆ పూట మీదనే. అందుకే ఇప్పుడు నేను అడిగి ఏస్త. ఒకటి రెండు పట్టుకుంటే ఎవరూ కాదనరు. పావుకిలో పిల్ల పడితే చెయ్యి తడుపుకొని, గాలం తీసి మెల్లగ ఇడుస్త.

ఆఖరిగ ఒకటి. మట్టి తీసిన గుంతలు పైకి కనిపియ్యయి. మోకాలు లోతనుకున్న కాడ నిలువు లోతుంటది. గాలం తట్టుకుంటే తంగూసు తెంపున్రి గని నీళ్లల్లకు దిగకున్రి. గాలం పది రూపాయలకు దొరుకుతది. మీ అవ్వకు మీరు మళ్ల దొరుకరు.