సీఎస్ఆర్ డబ్బుతో ఊళ్లో వాటర్ ప్లాంట్.. మరి అది ఎవరిది? ఈ రూల్ తెలుసా?

కనిగిరి చుట్టుపక్కల ఊళ్లకు ఫ్లోరైడ్ ఏళ్ల నాటి బాధ. ఆ బోరు నీళ్లే ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. అందుకే ఇలాంటి చోట సీఎస్ఆర్ అనగానే గుర్తొచ్చేది ఆర్వో ప్లాంట్. కానీ ప్లాంట్ పెట్టడం ఒక ఎత్తు.. నడపడం మరో ఎత్తు!

అసలు సీఎస్ఆర్ అంటే ఏంటి?

కంపెనీల చట్టం-2013, సెక్షన్ 135 ప్రకారం నెట్‌వర్త్ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టం చెబుతోంది.

ఊరి తీరు ఎందుకు తెలియాలి?

ఎండాకాలం చలివేంద్రం పెట్టడం మనకు అలవాటే. అది రెండు నెలలు నడిస్తే చాలు. ప్లాంట్ అలా కాదు. ఏడాదంతా కరెంటు బిల్లు, ఫిల్టర్లు, ఆపరేటర్ జీతం ఉంటాయి. 2014 అక్టోబర్ 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో కంపెనీలు, దాతల సాయంతో 20 లీటర్ల నీళ్లు రూ.2కే ఇవ్వాలనుకున్నారు. ధర తక్కువైనప్పుడు ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేలాలి.

టైమింగ్ కూడా ముఖ్యమే. మిర్చి కోతల సీజన్‌లో కూలికెళ్లే మహిళలు పొద్దున్నే ఇల్లు వదులుతారు. పదింటికి తెరిచి ఐదింటికి మూసేస్తే వాళ్లకు నీళ్లెలా? ఇంకో సంగతి.. ఆర్వో బయటికి వదిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. వాటిని ఎటు పంపాలో కూడా ఊరితో కూర్చుని తేల్చాల్సిందే.

ప్లాంట్ ఎవరి చేతిలో ఉండాలి?

ఇక్కడే అసలు పాయింట్. 2021 జనవరిలో మార్చిన రూల్స్ ప్రకారం సీఎస్ఆర్ ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. రిజిస్టరైన సేవా సంస్థ, ప్రభుత్వ సంస్థ, లేదంటే లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం పేరు మీద ఉండాలి. అంటే మీ ఊరి డ్వాక్రా సంఘమే ఓనర్ కావచ్చు!

మీరేం అడగాలి?

శిలాఫలకం మీద పేరు ఎవరిదన్నది కాదు.. ఆస్తి ఎవరిది, రిపేరు ఖర్చు ఎవరిది, ఎన్నేళ్లు? గ్రామసభలో ఈ మూడూ అడగండి. ఏ కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో కేంద్రం నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు.