సూక్ష్మజీవులను నిరోధించు కృత్రిమ వస్త్రములు

నూలుగుడ్డ చెమటను పీల్చుకొనును. పాలియెస్టరు గుడ్డ అట్లు పీల్చుకొనజాలదు. చెమట, జిడ్డు దాని పోగులపైననే నిలుచుటచే సూక్ష్మజీవులు పెరిగి దుర్గంధము పుట్టును.

దీనికి విరుగుడుగా మిల్లులలో గుడ్డకు మందు పట్టించుచున్నారు. అయితే పాలియెస్టరు పోగునకు మందు సులభముగా అంటుకొనదు. కావున అది ఎంతకాలము నిలుచుననునదే ముఖ్యము.

ఇందు మూడు పద్ధతులను మనము తెలిసికొనవలెను. మొదటిది వెండి లవణముల పద్ధతి. వెండి గుడ్డనుండి కొంచెము కొంచెముగా వెలువడి క్రిములను చంపును. ఉతికిన కొలది తరిగిపోవును. రెండవది సిలికానుతో కూడిన క్వాటర్నరీ అమోనియం లవణము. దీనిని వేడిచేసి పోగుపై పొరగా బిగింతురు. అది తన్నంటిన క్రిమి పైపొరను ఛేదించును. కాని మురికి పేరుకొన్నచో దాని శక్తి అణగిపోవును. మూడవది హాలమీన్ పద్ధతి. పోగునకు అతికించిన నత్రజని క్లోరినును పట్టియుంచును. అది వ్యయమైనపుడు గుడ్డను పలుచని బ్లీచింగు నీటిలో జాడించినచో క్లోరిను మరల నిండును. మన బావులను శుద్ధిచేయు క్లోరినే ఇచటను పనిచేయుచున్నది.

పారిశుద్ధ్య కార్మికుల దుస్తులకో, ఆరోగ్య ఉపకేంద్రపు దుప్పట్లకో పంచాయతీ ధనము వెచ్చించునపుడు సభ్యులు రెండు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఐ.ఎస్.ఓ. 20743 పరీక్ష జరిగినదా? ఎన్ని పర్యాయములు ఉతికిన పిమ్మట జరిగినది? కొత్త గుడ్డపై వచ్చిన ఫలితము వాడిన గుడ్డకు వర్తింపదు.

మందు పట్టించిన గుడ్డయైనను, తొడిగినవారికి రోగము రాదను హామీ లేదు. ఉతుకుట, ఎండవేయుట మానరాదు.