డెమోక్రసీ ఫెలోషిప్‌కి తొర్రూరు నుంచి అప్లై చేయొచ్చా? ఎవరికి, ఎట్లా, ఏం రాయాలి

ఈ ఎపిసోడ్‌లో మన దగ్గర చాలా తక్కువమంది మాట్లాడే టాపిక్ తీసుకున్నాను. ప్రజాస్వామ్యం, పాలన మీద పని చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్‌ల గురించి.

మన తొర్రూరులో అమెరికా అనగానే ఎంఎస్, ఆ తర్వాత హెచ్‌1బీ. ఇంకో దారి ఉందని చెప్పేవాళ్లే లేరు. కానీ గ్రామసభలో లేచి లెక్క అడిగే తమ్ముడికి, ఆర్టీఐ వేసే చెల్లెకి, ఊళ్లో ఓటర్ల లిస్టు సరిచేయించే వాలంటీర్‌కి కూడా దారులున్నాయి. పైగా వీటికి మనం ఫీజు కట్టేది ఉండదు. సెలెక్ట్ అయితే ఖర్చులకు వాళ్లే డబ్బు ఇస్తారు.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. ఫెలోషిప్ అంటే ఉద్యోగం కాదు, చాలావరకు డిగ్రీ కూడా కాదు. మీరు ఇప్పటికే చేస్తున్న పనిని కొన్ని నెలలు ఆపి, దాని గురించి చదువుకుని, వేరే దేశాలవాళ్లతో కలిసి ఆలోచించి, తిరిగొచ్చి ఇంకా బాగా చేయడానికి ఇచ్చే అవకాశం. ఇందులో "తిరిగొచ్చి" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాని గురించి తర్వాత చెప్తాను.

ఏమేం ఉన్నాయి?

ఒకటి, మన దేశంలోనే ఉన్న ల్యాంప్ ఫెలోషిప్. ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010 నుంచి నడుపుతోంది. డిగ్రీ అయిపోయి, వయసు 25 దాటనివాళ్ల కోసం. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీ దగ్గర పని. బిల్లులు చదవడం, ప్రశ్నలు తయారుచేయడం, ప్రసంగాలకు సమాచారం ఇవ్వడం. బీటెక్ వాళ్లు కూడా వేయొచ్చు.

రెండు, హంఫ్రీ ఫెలోషిప్. 1978లో మొదలైంది. అమెరికా యూనివర్సిటీలో దాదాపు 10 నెలలు ఉంటారు, డిగ్రీ రాదు. డిగ్రీ తర్వాత కనీసం 5 ఏళ్ల ఫుల్‌టైమ్ అనుభవం కావాలి. మన దేశంలో దీన్ని యూసిఫ్ అనే సంస్థ చూస్తుంది.

మూడు, రీగన్-ఫాసెల్ ఫెలోషిప్. 2001లో మొదలైంది. వాషింగ్టన్‌లోని నేషనల్ ఎండోమెంట్ ఫర్ డెమోక్రసీ నడిపిన ప్రోగ్రామ్. యాక్టివిస్టులు, జర్నలిస్టులు, పరిశోధకులు ఒక ప్రాజెక్ట్ రాసి పంపాలి.

నాలుగు, బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్. ఇది 1983 నుంచి ఉంది. ఏడాది మాస్టర్స్ కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ ఇది, గవర్నెన్స్ కోర్సులు కూడా ఎంచుకోవచ్చు. రెండేళ్ల అనుభవం, అంటే 2,800 గంటలు చూపించాలి. అవార్డు అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఆపేసింది. ఆ దెబ్బ ఎండోమెంట్ మీద కూడా పడింది, నిధుల కోసం ఆ సంస్థ అదే ఏడాది మార్చిలో కోర్టుకు వెళ్లింది. కాబట్టి పాత వీడియో చూసి అప్లికేషన్ మొదలుపెట్టకండి. ఈ ఏడాది నోటిఫికేషన్ వచ్చిందా, వయసు, అనుభవం రూల్స్ మారాయా అని అధికారిక సైట్‌లోనే చూడండి.

వీసా సంగతి

ఇది చాలామంది పట్టించుకోరు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో వెళ్లే ఫెలోలకు ఇచ్చేది జే-1 వీసా. దీనికి రెండేళ్ల రూల్ ఉంటుంది. ప్రోగ్రామ్ అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఆ లోపు హెచ్‌1బీ గానీ గ్రీన్‌కార్డ్ గానీ కుదరదు. మినహాయింపు అడగొచ్చు, కానీ ప్రభుత్వ ఫండింగ్ ఉన్నప్పుడు దొరకడం కష్టం. కాబట్టి "ఎట్లోగట్ల అమెరికా పోవాలి" అనుకునేవాళ్లకు ఇది దారి కాదు. ఆ సంగతి ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ముందే చెప్పండి. లేకపోతే కొడుకు సెటిల్ అయిండని వాళ్లు అనుకుంటారు, మీరేమో పది నెలలకు బ్యాగ్ సర్దుకుని వస్తారు. గొడవ అక్కడ మొదలవుతుంది.

"నా దగ్గర అనుభవం ఎక్కడిది అన్నా?"

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఒకటి చెప్తా వినండి. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్‌ని 2006 నుంచి పెద్ద ఎత్తున చేసి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కూలి కుటుంబాల పిల్లలే శిక్షణ తీసుకుని, మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాసిన్రు, నీకు ముట్టిందా?" అని అడిగారు. తర్వాత అందరి ముందు చదివి వినిపించారు. ఈ పద్ధతి గురించి విదేశీ పరిశోధకులు పేపర్లు రాశారు. ఆ ఆడిట్ చేసినవాళ్లలో ఎంతమంది దాన్ని తమ రెజ్యూమెలో రాసుకున్నారు?

మన ఊళ్లో చేసిన పని చిన్నది కాదు. దాన్ని రాసే తీరే చిన్నగా ఉంటోంది. "నాకు సమాజ సేవ అంటే ఇష్టం, దేశాన్ని మార్చాలని ఉంది" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ రిపోర్ట్ రాస్తాం కదా, అట్లా రాయండి. సమస్య ఏంటి, ఎక్కడ, ఎట్లా తెలిసింది, మీరేం చేశారు, ఏం మారింది, ఇంకా ఏం మారలేదు.

ఉదాహరణకి ఇట్లా అనుకుందాం: "మా పంచాయతీలో వీధిదీపాల ఖర్చు వివరాలు కావాలని ఆర్టీఐ పెట్టాను. చట్టం ప్రకారం 30 రోజుల్లో రావాల్సిన జవాబు రాలేదు, అప్పీల్ చేశాను. వచ్చిన కాగితాలను గ్రామసభలో చదివాము. ఆడవాళ్లు లేచి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. కానీ తర్వాతి గ్రామసభకు వచ్చినవాళ్లు తగ్గారు. ఎందుకు తగ్గారో తెలుసుకోవాలని ఉంది." ఈ చివరి వాక్యమే మీ ప్రాజెక్ట్.

మన చుట్టూ ఇట్లాంటి ప్రశ్నలు చాలా ఉన్నాయి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం చెప్తుంది, మీ ఊళ్లో ఎన్ని జరిగాయి? 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు కదా, ఆ కాలంలో పనులు ఎవరు అడిగారు, ఎవరు చేశారు? దీనికి జవాబు వెతకడానికి తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్ల కంటే దగ్గరి మనిషి ఎవరు?

లెటర్లు, ఇంగ్లీషు, ఏజెంట్లు

రికమండేషన్ లెటర్ కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడాల్సిన పని లేదు. పెద్ద పేరు కంటే మీ పని కళ్లారా చూసిన మనిషి లెటర్ బలంగా ఉంటుంది. మీ లెక్చరర్ కావచ్చు, మీరు పని చేసిన సంస్థ కోఆర్డినేటర్ కావచ్చు. కనీసం నెల ముందు అడగండి. మీరు చేసిన పనుల వివరం ఒక పేజీ రాసివ్వండి, వాళ్లకు తేలికవుతుంది.

తెలుగు మీడియం అని భయపడకండి. ముందు తెలుగులోనే రాయండి, ఆలోచన సాఫీగా వస్తుంది. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి. ఏఐతో మొత్తం రాయించకండి. ఇంటర్వ్యూలో అడిగేది ఆ కాగితం గురించే, అక్కడ మాట్లాడాల్సింది మీరు.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటే డిపార్ట్‌మెంట్ అనుమతి, సెలవు సంగతి ముందే చూసుకోండి. "ఫెలోషిప్ ఇప్పిస్తా, ఇంత కట్టు" అనే మనిషి కనబడితే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. నేను చెప్పిన ఈ నాలుగింటిలో దేనికీ ఏజెంట్ అవసరం లేదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఊళ్లో, లేదా తొర్రూరులో మీ వార్డులో, మీరు అడిగిన ఒక ప్రశ్న, దానికి వచ్చిన జవాబు ఒక పేజీలో రాయండి. ఇప్పటిదాకా ఏమీ అడగలేదా? అయితే ముందు ఒక ఆర్టీఐ వేయండి. ఫెలోషిప్ వచ్చినా రాకపోయినా ఆ జవాబు మీ ఊరికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.